కుక్క కొరికిన ఆర్కిడ్

మా ఇంట్లో ఉన్న ఆర్కిడ్ మొక్క నేను కొన్నది కాదు. కుక్క నేను తెచ్చుకున్నది కాదు. కుక్కను నా భర్త తెచ్చాడు. మంచిర్యాలలో తెలిసినవాళ్ళ కుక్క పిల్లల్ని పెట్టిందని విని, డ్యూటీ దిగి నేరుగా అటే వెళ్ళి, చొక్కా లోపల పెట్టుకుని బండి మీద వచ్చాడు. మొక్కను నా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి తెచ్చింది, ఆయన పోయిన నెలకు.

కుక్క తెల్లది, చిన్న జాతిది, బొచ్చు ఎక్కువ. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పక్కన ఉండే మా కాలనీలో తెల్ల కుక్కను పెంచడం తెలివైన పని కాదు. పొద్దున స్నానం చేయిస్తే సాయంత్రానికి బూడిద రంగులో ఉంటుంది. ఆ మాటే అన్నాను ఆయనతో. "నేను గూడ గిట్లనే వస్త గదా రోజు. నన్ను ఇంట్లకు రానిస్తలేవా?" అన్నాడు. ఆయన అండర్‌గ్రౌండ్ గనిలో ఫిట్టరు.

ఆయన చనిపోయింది గనిలో కాదు. చలికాలంలో ఒక పొద్దున ఇంట్లోనే, పెరట్లో మొహం కడుక్కుంటూ కూలబడ్డాడు. గుండె అన్నారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు గనిలో ఏమైందని అడిగేవారు. గనిలో ఏమీ కాలేదని చెప్తే కొందరి ముఖాల్లో కాస్త నిరాశ కనిపించేది. వాళ్ళ తప్పు కాదు. మా దగ్గర చావుకు ఆ కారణం అలవాటు.

ఇంట్లో మిగిలింది నేను, మా అత్తమ్మ, కుక్క. నేను ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తాను. అత్తమ్మకు ఆయన ఒక్కడే కొడుకు.

ఈ కథకు మొదలు దినాల రోజున ఉంది కాబట్టి అది చెప్పాలి. మా దగ్గర దినాల రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, విస్తట్లో వడ్డించి, అందరూ దూరం జరిగి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టాకే మిగతావాళ్ళు తినాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అనుకుంటారు. అప్పుడు ఒక్కొక్కరూ ఆ కోరిక తీరుస్తామని గట్టిగా మాట ఇస్తారు.

ఆయనకు చేపల పులుసంటే ఇష్టం. ఉల్లిగడ్డలు కాల్చి నూరి వేసి, చింతపండు బాగా పిసికి పోసి అత్తమ్మ చేసే పులుసు. అన్నంలోకి పచ్చి ఉల్లిగడ్డ కూడా కావాలి, కోస్తే ఊరుకునేవాడు కాదు, పిడికిలితో కొట్టి తినేవాడు. ఆ రోజు అవన్నీ పెట్టారు. గోదావరి ఒడ్డున ఎండలో నిలబడ్డాం. కాకులు కరెంటు తీగ మీద కూర్చుని మమ్మల్ని చూశాయి గాని దిగలేదు.

"మనసుల ఏమన్న ఉంటె ఇడిశిపెట్టు బావా! మీ అవ్వను మేం సూసుకుంటం!" అని ఒకరు అరిచారు.

"కల్లు పెట్టిర్రా? కల్లు పెట్టకుంటె ఎట్లొస్తడు?" అని వెనక నుంచి ఇంకొకరు.

"పెట్టినం."

"సీసల పెట్టిర్రా, గిలాసల పోసిర్రా? సీస మూత పిట్టెట్ల తీస్తది?"

కొందరు నవ్వారు. గ్లాసులో పోశారు. అయినా కాకి రాలేదు. పిల్లలు ఆకలి అంటున్నారు. అప్పుడు ట్రాలీ ఆటోలో కట్టేసిన కుక్క, తాడు ఎలా తెంచుకుందో, జనం కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళి విస్తట్లో మూతి పెట్టింది. చేప ముక్కను, పులుసు అన్నాన్ని గబగబా తిన్నది. ఆయన చిన్నాన్న కట్టె ఎత్తాడు. అత్తమ్మ వెళ్ళి ఆ చేయి పట్టుకుంది.

"కొట్టకు. వాడే," అంది.

ఎవరూ కాదనలేదు. ఎండలో అంతసేపు నిలబడ్డవాళ్ళకు ఆ మాట ఊరటగా ఉంది. నాకూ ఊరటగానే ఉంది. అందరం వెళ్ళి అన్నాలు తిన్నాం.

అది అక్కడితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. ఆ తరువాత వచ్చిన ఆదివారం అత్తమ్మ చేపలు తెప్పించింది. పులుసు చేసి, మొదటి ముద్దలు పళ్ళెంలో కలిపి, ముళ్ళు ఏరి కుక్క ముందు పెట్టి, పక్కన కూర్చుంది. "ఉప్పు సరిపోయిందా కొడుకా?" అని అడిగింది. కుక్క పళ్ళెం నాకింది. ఇంకో ఆదివారం ఉల్లిగడ్డలు దండిగా వేసి మేక కార్జం వేయించింది. ఆమె నోట ఆయన గురించి "ఉండె", "తింటుండె" అన్న మాటలు పోయాయి. "వాడు తింటడు", "వానికి కారం పడదు" అనేది. నేను బడి నుంచి వచ్చి వింటూ కాళ్ళు కడుక్కునేదాన్ని. ఆమె మొహంలో కొంచెం కళ కనిపించింది ఆ రోజుల్లో. వారమంతా ఆదివారం కోసం ఎదురుచూసేది. నాకు అలాంటిదేమీ లేదు. ఆమెకు ఉన్నదాన్ని తీసేయడానికి నా దగ్గర కారణం కూడా లేదు.

ఆర్కిడ్ ఆ మధ్యలో వచ్చింది. పొడవాటి కాడ, దాని చివర వంకాయ రంగు పూలు వరసగా. "నెలలకొద్ది ఉంటయి పెద్దమ్మా, నీళ్ళు వారానికోసారి పోస్తె చాలు," అంది చెల్లెలి కూతురు. మట్టి లేదు, చెట్టు బెరడు ముక్కల్లో నాటి ఉంది. ముందు కిటికీలో పెడితే మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యాక దుమ్ము వచ్చి ఆకుల మీద పడుతుందని వంటింటి కిటికీలో పెట్టాను. తడిగుడ్డతో ఆకులు తుడవడం తప్ప దానికి పని లేదు. ఎవరైనా పలకరించడానికి వస్తే దాన్ని చూసి, "పిలాస్టిక్‌దా?" అని అడిగేవారు. ఆ ఇంట్లో నన్ను ఏమీ అడగని వస్తువు అదొక్కటే కాబట్టి నాకు అది నచ్చింది.

ఎండలు ముదిరాక కుక్క నీరసపడింది. గచ్చు మీద పొట్ట ఆనించి పడుకునేది. బొచ్చు కుక్క కదా, ఎండకని అనుకున్నాం. అన్నం సగం వదిలేసేది. అత్తమ్మ ఇంకాస్త నూనె, ఇంకాస్త ఉల్లిగడ్డ వేసి రుచి పెంచింది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వంటింటి గచ్చు మీద కక్కి ఉంది. పసుపు నీళ్ళలో వంకాయ రంగు పూరేకులు. కిటికీ కింద స్టూలు మీదికెక్కి కొరికినట్టుంది. కాడ విరిగి వేలాడుతోంది.

అత్తమ్మ కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"గా పువ్వు తిన్నది బిడ్డా. ఇసం పువ్వు. నేను అప్పుడే అనుకున్న, మట్టి లేకుంట బతికే చెట్టేం చెట్టని."

"విషం అని ఎవరు చెప్పిన్రు అత్తమ్మా?"

"ఎవరు చెప్పుడేంది? కండ్ల ముంగట కనవడ్తలేదా? దాన్ని తీసి అవతల పారెయ్యి."

నేను కక్కిన చోట కడిగి, ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆర్కిడ్లు కుక్కలున్న ఇంట్లో ఉండవచ్చా అన్న ప్రశ్నకు చాలామంది జవాబు రాశారు. కొందరు ఏ మొక్కయినా ప్రమాదమే అన్నట్టు రాశారు. అలా రాయడం తేలిక. కాస్త శ్రద్ధగా రాసినవాళ్ళు మాత్రం ఒకటే చెప్పారు. దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఈ రకం ఆర్కిడ్‌లో కుక్కకు విషమయ్యేది ఏదీ లేదు. ఎక్కువ తింటే కడుపు చెడుతుంది. కుండీలోని బెరడు ముక్కలు మింగితే గొంతులోనో పేగులోనో అడ్డం పడవచ్చు. దాని మీద పురుగుల మందు కొట్టి ఉంటే ఆ మందుతో ప్రమాదం. ఇంతే.

ఆ పక్కనే, పెట్టకూడని మొక్కల పేర్లు ఉన్నాయి. చదువుతూ తలెత్తి చూస్తే అవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. వాకిట్లో దేవుడి పూజకని అత్తమ్మ పెంచే గన్నేరు. అది కుక్కనే కాదు, మనిషినీ చంపగలదు. టీవీ పక్క సీసాలో మనీ ప్లాంట్. దిష్టి తగలకుండా గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబంద. అవి ఏళ్ళుగా ఉన్నవి కాబట్టి వాటి మీద ఎవరికీ అనుమానం లేదు. ఆర్కిడ్ కొత్తగా వచ్చింది, పేరు నోరు తిరగదు, మట్టిలో ఉండదు.

మరి పువ్వు కాకపోతే ఏమిటి? అది ఫోన్‌లో తేలే విషయం కాదు. మరునాడు బడికి సెలవు పెట్టాను. అత్తమ్మ వస్తానంది గాని ఆమె మోకాళ్ళతో ఆటో ఎక్కి దిగడం కష్టం. ఇంట్లోనే ఉండమన్నాను.

మా పక్కింటాయనకు ఆటో ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట మా అందరి తెలుగు. నా భర్తకు దోస్తు. పాత దుప్పట్లో చుట్టిన కుక్కను చూసి, మొదట సీటు కవరు ఊడదీసి ఇంట్లో పెట్టి వచ్చాడు.

"ఏం అనుకోకు అక్కా. మొన్న ఒక మేకపోతును తీస్కపోయిన పశువుల దవాఖానకు. అది కక్కలే, కవరునే తిన్నది. ఇది పువ్వే గదా తిన్నది. షరీఫ్ కుక్క, మర్యాద ఎరిగింది."

"పువ్వు వల్ల కాదేమో భాయ్."

"ఏదైతె ఏంది, ఫికర్ చెయ్యకు. జల్ది పోదాం."

పశువుల దవాఖాన ముందు బర్రెలు, మేకలు ఉన్నాయి. దుప్పట్లో కుక్కతో నిలబడ్డ నన్ను చూసి మేకల ఆయన, "పిల్లనా?" అని అడిగి, దుప్పట్లోకి తొంగి చూసి, మళ్ళీ తన మేకల వైపు తిరిగాడు. డాక్టరు వయసులో చిన్నాయన. కుక్క పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశాడు. నన్నూ చూడమన్నాడు. చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి.

"మూత్రం ఏ రంగుల వస్తున్నది మేడం?"

"ముదురుగా వస్తోంది. చాయ్ డికాక్షన్ రంగులో."

"ఎన్ని రోజుల నుంచి?"

ఎండ వల్ల అనుకున్నామని చెప్పాను. ఫోన్‌లో పువ్వు ఫొటో చూపించాను.

"దీంతోటి ఏం కాదు. కడుపుల బాగలేకుంటె కుక్కలు గడ్డి కొరుకుతయి. దీనికి గడ్డి దొరకలేదు, పువ్వు దొరికింది. పువ్వు తిన్నందుకు రోగం రాలే, రోగం వచ్చినందుకు పువ్వు తిన్నది. తిండి ఏం పెడ్తున్నరు?"

చెప్పాను. పులుసు, కార్జం, వేపుడు. చెప్తుంటేనే ఆయన రాయడం ఆపి నా వైపు చూశాడు.

"ఉల్లిగడ్డ ఎంత ఏస్తరు?"

"మా అత్తమ్మ చేత్తో వేస్తుంది. దండిగానే."

"ఉల్లిగడ్డ కుక్క రక్తాన్ని చెడగొడ్తది మేడం. పచ్చిదైనా, ఉడికిందైనా. ఎల్లిపాయ గూడ అంతే. ఎప్పుడన్న ఒక ముద్ద తింటె తట్టుకుంటది. చిన్న పాణం, వారం వారం గింత పెడ్తే ఎక్కడ తట్టుకుంటది? చింతపండు గూడ వీటికి మంచిది కాదంటున్నరు ఇప్పుడు. ద్రాక్షలు, కిస్మిస్ అస్సలే పెట్టద్దు."

"వీధి కుక్కలు అందరిళ్ళల్లో మిగిలింది తింటాయి కదా?"

"తింటయి. ఎన్ని సస్తున్నయో ఎవరు చూస్తరు?"

సెలైన్ ఎక్కించారు. సూదులు వేశారు. రక్తానికి మందు రాశారు. అంతసేపూ కుక్క తల నా అరచేతిలో ఉంది. బయలుదేరేటప్పుడు డాక్టరు మళ్ళీ చెప్పాడు. "ఇప్పటికైతె బయటపడ్డట్టే. అదే తిండి మళ్ళ పెడ్తే మాత్రం బతకది. ఇంట్ల అందరికి చెప్పుండ్రి."

ఇంట్లో అందరూ అంటే అత్తమ్మ ఒక్కతే.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పక్కింటాయనకు చెప్పాను. దినాల రోజు ఆయనా ఉన్నాడు, మా వెనకే నిలబడి.

"అవ్వకు ఎట్ల చెప్తవ్ అక్కా?"

"తెలియదు."

"నా మాటిను. పువ్వుదే తప్పని చెప్పు. పువ్వుకు నోరు లేదు, కాదనది. అవ్వ పాణం నిమ్మలంగ ఉంటది."

ఆ మాటలో మంచితనం ఉంది. కాలనీ మలుపు దాకా అదే చేద్దామనుకున్నాను కూడా. అలసిపోయి ఉన్నాను. ఆయన పోయినప్పటి నుంచి ఎవరికో ఏదో చెప్పడమే నా పనిగా ఉంది. ఆఫీసులో, బ్యాంకులో, ఫోన్ చేసిన ప్రతివాళ్ళకూ. ఇంకొకటి చెప్పే ఓపిక లేదు. కాని పువ్వు మీదికి తోసేస్తే ఆదివారం మళ్ళీ వస్తుంది. ఉల్లిగడ్డ లేకుండా వండమంటే ఎందుకని అడుగుతుంది. కొడుకుకు ఇష్టమైనదాన్ని ఊరికే ఎందుకు మానుతుంది?

ఇంటి ముందు దిగగానే పులుసు వాసన వచ్చింది.

వంటింట్లో కిటికీ ఖాళీగా ఉంది. ఆర్కిడ్‌ను కుండీతో సహా వెనక గోడ అవతలికి విసిరేసింది. స్టవ్ మీద చేపలు ఉడుకుతున్నాయి. ఆ రోజు ఆదివారం కూడా కాదు.

"దవాఖాన నుంచి వస్తున్నడు, నోరు చేదుంటదని చేసిన," అంది. "ఏమన్నడు డాక్టరు? పువ్వే గదా?"

కుక్కను దించి దుప్పటి మీద పడుకోబెట్టాను. అది వాసనకు తల ఎత్తింది. అత్తమ్మ పళ్ళెం అందుకుంది. నేను ఆ పళ్ళెం ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

"పువ్వు కాదు అత్తమ్మా. ఉల్లిగడ్డ. కుక్కలకు పడదట. రక్తం విరిగిపోతదట. ఇంక పెట్టద్దన్నడు. పెడితే బతకదన్నడు."

"ఉల్లిగడ్డనా?" ఆమె నవ్వబోయింది. "ఉల్లిగడ్డ తింటె ఎవలు సస్తరే? వాడు పుట్టిన కాన్నించి తింటున్నడు. కొట్టి కొట్టి తిన్నడు."

"ఆయనకు పడ్డది."

"మరింక?"

"కుక్కకు పడదు."

ఆమె స్టవ్ వైపు తిరిగింది. గరిటె తిప్పింది. ఇటు తిరగకుండానే అడిగింది.

"అంటె నా కొడుకుకు నేనే పెట్టి సంపుతున్ననా?"

దీనికి ఏదో ఒక మెత్తటి జవాబు ఉండే ఉంటుంది.

"నీ కొడుకుకు కాదు అత్తమ్మా. కుక్కకు. అది కుక్క. ఆయన కాదు."

ఆమె స్టవ్ ఆర్పింది. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కుక్క మా ఇద్దరినీ చూసి, ఎవరూ ఏమీ పెట్టడం లేదని తెలిసి, మళ్ళీ తల వాల్చింది. బయట రెండో షిఫ్టు వాళ్ళ బండ్లు పోతున్నాయి. నేను లేచి గోడ అవతలికి వెళ్ళి ఆర్కిడ్‌ను తెచ్చాను. కుండీ పగిలింది. పూలకాడ పూర్తిగా విరిగింది, ఆకులు మాత్రం బాగానే ఉన్నాయి. బెరడు ముక్కలు దొరికినన్ని ఏరి, పాత స్టీలు డబ్బాలో పెట్టాను. ఇప్పటికీ అందులోనే ఉంది. మళ్ళీ పూయలేదు.

లోపలికి వచ్చేసరికి అత్తమ్మ అలాగే కూర్చుని కుక్కను చూస్తోంది. అంతకు ముందెప్పుడూ చూడనట్టు చూస్తోంది, దాని చెవులు, గోళ్ళు, మూతి.

"కుక్కలు ఏం తింటయి మరి?" అని అడిగింది.

"అన్నం. ఉడకబెట్టిన కోడి ముక్క. ఉప్పు, కారం లేకుండా."

"ఉప్పు లేకుంట ఎట్ల తింటది?"

"తింటదట."

అన్నం కాస్త మెత్తగా వండి చల్లార్చి పెట్టాను. రెండు ముద్దలు తిన్నది. అత్తమ్మ పక్కన కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి చూసింది.

పులుసు గిన్నె నిండా ఉంది. పారేయలేం. నేను రెండు పళ్ళేలు పెట్టాను. ఆయన పోయాక అత్తమ్మ చేప ముట్టలేదు. వండటమే గాని తనకు వడ్డించుకోలేదు. నేను పెడితే కాదనలేదు. ముక్క విప్పి ముల్లు తీసి, పళ్ళెం అంచున పెట్టి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"సచ్చిపోయిండు గదనే," అంది.

"అవునత్తమ్మా," అన్నాను.